ఆకుల చీర

ఆదెమ్మ సంచి సర్దుతోంది. అడుగున పాత చీర మడత పెట్టింది. దాని మీద అటుకుల మూట, బెల్లం అచ్చు, చింతపండు ఉండ పెట్టింది. గుడ్డముక్కలో ముడివేసిన గుమ్మడి గింజలూ బచ్చలి గింజలూ ఒక మూలకు తోసింది. అన్నీ పెట్టాక ఏదో మరిచిపోయానన్న అనుమానం వచ్చి, మళ్ళీ అన్నీ బయటికి తీసి, అదే వరసలో మళ్ళీ సర్దింది. చివరికి వీధరుగు మూలనున్న పొట్టి ఈనెల చీపురు తెచ్చి సంచిలో గుచ్చింది.

"అడవికి చీపురెందుకు మామ్మా?" అంది మనవరాలు నాంచారి.

"పడుకునే చోటు ఊడ్చుకోవద్దూ? కింద పుల్లలు గుచ్చుకుంటే నీకు నిద్రెలా పడుతుందే?"

"వెళ్ళేది నేను. నేను ఊడవనులే."

"నువ్వు ఊడవవని తెలిసే నేనూ వస్తున్నాను," అంది ఆదెమ్మ. సంచి మూతికి తాడు బిగించింది.

వాళ్ళుండే రాజ్యం పేరు నాగలిపురం. దాని జెండా మీద నాగలి బొమ్మ ఉండేది. ఆ రాజ్యంలో దున్నడమంటే పని కాదు, పంతం. పొరుగు రైతు ఒక చాలు దున్నితే తాను రెండు దున్నాలి. శుభ్రం విషయంలోనూ అంతే. ఉగాది వచ్చేసరికి ఏ ఇంటి వాకిలీ పెరడూ అద్దంలా మెరుస్తుంటే ఆ ఇంటి ఇల్లాలికి హలధ్వజ మహారాజు పట్టుచీర పంపేవాడు. అందుకని తెల్లవారితే ఊరూరా చీపుళ్ళ చప్పుడే. చెట్టు నుంచి ఆకు రాలిందంటే అది నేలమీద వాలేలోగా పట్టుకుంటారా అన్నట్టుండేది. ఊడ్చిన ఆకులన్నీ ఊరి చివర కుప్పపోసి తగలబెట్టేవాళ్ళు. ఆదెమ్మ పెట్టెలో అలాంటి పట్టుచీరలు కొన్ని ఉన్నాయి. కట్టుకుంటే మాస్తాయని వాటిని ఆమె ఎన్నడూ కట్టలేదు.

అలాంటి రాజ్యంలో ఒక ఏడు నేల బిగుసుకుపోయింది. నాగలి దించితే కర్రు తగిలిన చోటల్లా రాయి అయింది. పట్టుదలకు పోయి గునపం పట్టినవాళ్ళకు వేళ్ళు రాయిగా మారాయి. సైనికులు కోట వెనక చేను పగలగొడతామని వెళ్ళి, బిగుసుకున్న చేతులతో తిరిగి వచ్చారు. గాదెలు అడుగంటాయి. నాంచారి తండ్రి పోలయ్య కూరగాయలు పండించి సంతలో అమ్మేవాడు. ఇంట్లో కూరకు ఒక్క కాయ కూడా లేదని, పెరట్లో ఒక్క చిక్కుడు పాదు వేద్దామని పార పట్టాడు. సాయంత్రానికి అతని రెండు చేతులూ మోచేతులదాకా రాయి అయిపోయాయి.

రాజుగారి ఆస్థాన పండితుడు తనకు తెలిసినంత మాత్రం దండోరా వేయించాడు. పడమటి అడవి నడుమ నేలమ్మ ఉంటుంది. నేలను తెరవడమైనా మూయడమైనా ఆమె చేతిలో పని. ఎందుకు మూసిందో ఆమెనే అడగాలి. తొలకరి చినుకు పడేనాటికి నేల ఇంకా మూసుకునే ఉంటే, మనుషులకు పట్టిన రాయి గుండెదాకా పాకుతుంది, ఇక వదలదు.

ఆ దండోరా విన్న నాడే నాంచారి బయలుదేరతానంది. వెళ్ళే ముందు తండ్రి దగ్గరికి వచ్చింది. పోలయ్య రాతి చేతులు ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుని ఉన్నాడు.

"నువ్వెందుకే అమ్మా, ఈ వయసులో?" అన్నాడు తల్లితో.

"నీ కూతురు ఆకలేసినా నోరు తెరిచి చెప్పదు. పక్కన ఒకళ్ళుండాలి."

నాంచారి తల్లి సన్యాసమ్మ వీధి మలుపు దాకా వచ్చింది. పోలయ్య చెయ్యి ఊపలేక తల ఊపాడు. కృత్తిక కార్తె ఎండ అప్పటికే చురుక్కుమంటోంది.

అడవి మొదట్లో ఒక వాగు, వాగు పక్క ఎత్తుగడ్డ మీద ఒక దోసపాదు కనిపించాయి. దోసపాదు దగ్గర కొండంత భూతం ఒకటి భుజాన కావిడి వేసుకుని, వాగుకీ పాదుకీ మధ్య పరుగెడుతోంది. నీళ్ళు పోయడం, అవి గడ్డ మీద నుంచి జారిపోవడం, మళ్ళీ వాగుకు పరుగెత్తడం. ఇదే దాని పని. దాని పేరు కావిడిభూతం. మనుషుల్ని చూడగానే దారికి అడ్డంగా నిలబడింది.

"ఆగండి. ఇవాళ నా మధ్యాహ్న భోజనం మీరే."

"మేమా? మా ఒంటి మీద ఏముంది నాయనా," అంది ఆదెమ్మ. "ఈ పిల్లని చూడు, ఎముకలు. నన్ను నమిలితే నీ పళ్ళే ఊడతాయి."

భూతం ఇద్దరినీ ఎగాదిగా చూసి నిట్టూర్చింది. "నిజమే. అయితే ఒక పని చెయ్యండి. ఈ పాదు ఎండిందా, నా ప్రాణం పోతుంది. నాకలా శాపం. అందుకని పడుకుని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు. నేనొక కునుకు తీస్తాను. లేచేసరికి పాదు తడిగా ఉండాలి. మీరు నీళ్ళు మోశారో, మీ అడుగుల చప్పుడుకు నాకు మెలకువ వస్తుంది. మెలకువ వస్తే ఎముకలైనా తినేస్తాను."

అలా అని అది అక్కడే ఒరిగి గురక పెట్టింది.

"మోయకుండా నీళ్ళెలా పొయ్యాలే?" అంటూ ఆదెమ్మ గుండెలు పట్టుకుని కూలబడింది. దారిలో తాగడానికి నీళ్ళు నింపి చంకన పెట్టుకొచ్చిన కొత్త మట్టికూజా పక్కన పెట్టి, కాసేపటికి మళ్ళీ తీసి విసుక్కుంది. "ఇదొకటి, ఎక్కడ పెట్టినా అడుగంతా చెమ్మ. ఇంట్లోనూ ఇంతే, నేల తుడవలేక చచ్చేదాన్ని."

నాంచారి కూజా కింది తడి మచ్చ వైపు చూసింది. తరువాత అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి పాదు మొదట్లో చూసింది. అక్కడ ఎలుకలు ఎప్పుడో తోడి వదిలేసిన గుంట ఒకటుంది. ఆ గుంటలో నీళ్ళతో నిండిన కూజాను మెడదాకా దించి, చుట్టూ ఎండుటాకులు కూరి, మూతి మీద చిప్ప బోర్లించింది. వచ్చి మామ్మ పక్కన కూర్చుంది.

"ఇప్పుడేం చేస్తావే?"

"ఏమీ చెయ్యను."

"ఏదో ఒకటి చెయ్యాలి కదే."

"కూజా చేస్తోందిగా మామ్మా."

భూతం ఎండ వాలేదాకా పడుకుంది. లేచి పాదు మొదట్లో వేలు పెట్టి చూసింది. మన్ను చల్లగా తడిగా ఉంది. కూజాలో ఇంకా నీళ్ళున్నాయి.  భూతం కావిడిబద్ద విరిచి వాగులో పారేసి, ఇద్దరినీ అరచేతిలో కూర్చోబెట్టుకుని వాగు దాటించింది. కూజా మాత్రం తిరిగి ఇవ్వలేదు.

వాగు దాటాక నడక రోజుల తరబడి సాగింది. ఎక్కడ ఆగినా ఆదెమ్మ ముందు చోటు ఊడ్చేది, తరువాతే మూట విప్పేది. అడవి అరటిపళ్ళు తింటే తొక్కలు, ఆకులో అటుకులు తింటే ఆ ఎంగిలాకు, అన్నీ మూటగట్టి సంచిలోనే పెట్టేది.

"అడవిలో ఎవరు చూస్తారు మామ్మా? పారెయ్."

"ఎవరూ చూడకపోతే చెత్త చెత్త కాకుండా పోతుందా? ఇంటికెళ్ళాక ఊరి చివర పడేద్దాం."

మూట కుళ్ళి, సంచి దగ్గరికి వెళ్ళాలంటే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. అటువంటి స్థితిలో వాళ్ళు ఒక కొండ దగ్గరికి చేరారు. ఎక్కడానికి వీలులేనంత నిటారైన కొండ. దాని అడుగున తాటిమానంత లావుగా, ఎర్రగా, నిగనిగలాడుతూ ఒక వానపాము చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. దానికి కళ్ళు లేవు. అయినా వీళ్ళు వచ్చారని దానికి తెలిసింది.

"కొండ ఎక్కలేరు," అంది వానపాము. "కిందనుంచి దారి నేను తొలిచిందే. నాకు కడుపు నిండితే పక్కకు జరుగుతాను."

ఆదెమ్మ ఉన్న బెల్లమంతా దాని ముందు పెట్టింది. "చేదు," అంది వానపాము. అటుకులు పెట్టింది. "పొట్టు," అంది. ఆదెమ్మకు మొహం మాడిపోయింది. తన చేతి తిండికి వంక పెట్టినవాళ్ళు లేరు.

"మరి ఆ కమ్మటి వాసన దేనిది?" అంది వానపాము తల ఎత్తి. "ఉంచుకుని కూడా పెట్టరా?"

నాంచారి సంచిలో చెయ్యి పెట్టి కుళ్ళు మూట బయటికి తీసింది. ఆదెమ్మ సిగ్గుతో కొంగు మొహానికి కప్పుకుంది. "అయ్యో, అది పెట్టకే, ఎంగిలి," అంటూనే ఉంది. వానపాము ఆ మూటను గుడ్డతో సహా మింగి, ఒళ్ళంతా ఒకసారి అలలా కదిలించింది.

"ఎన్నాళ్ళయిందో మంచి తిండి తిని. మీ నాగలిపురం కింద నా వాళ్ళు లక్షల్లో ఉండేవాళ్ళు. ఆకు లేదు, తొక్క లేదు, అంతా కాల్చేస్తారు. ఆకలికి తాళలేక అందరూ నా దగ్గరికి వచ్చేశారు. నాగలి లేకుండా దున్నేవాళ్ళం మేము. మీ రాజు జెండా మీద ఉండాల్సింది నా బొమ్మ."

"రాజుగారికి చెబుతాను," అంది నాంచారి.

"చెప్పు. పక్కనుంచి గీయమను. ఎదురుగా చూస్తే నేను అంత బాగుండను."

అది పక్కకు జరిగింది. కొండ కింద మెత్తటి చల్లటి దారి తెరుచుకుంది.

దారి చివర వెలుగులోకి వచ్చేసరికి ఒక పెద్ద మైదానం. చుట్టూ ఇప్పచెట్లు, వాటి కింద మోకాలి లోతు ఆకులు. ఆ ఆకుల్లోంచే బచ్చలి తీగలు లేచి చెట్లకు ఎగబాకాయి. గుమ్మడికాయలు ఎవరో దొర్లించినట్టు పడి ఉన్నాయి. కంద, కాకర, తోటకూర, ములగ, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. పాదు చేసిన ఆనవాలు లేదు, కాలువ లేదు, మనిషి లేడు.

"నేలమ్మా," అని నాంచారి పిలిచింది. జవాబు రాలేదు. నీళ్ళు తెస్తానని చెప్పి వాగు వెతుక్కుంటూ వెళ్ళింది.

ఆదెమ్మ ఒక్కతే నిలబడి చుట్టూ చూసింది. పాపం ఒంటరి ఆడమనిషి, ఇంత పెరడు ఊడ్చుకోలేక వదిలేసింది కాబోలు అనుకుంది. ఒకరింటికి సాయమడగడానికి వచ్చి చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆమె వంశంలో లేదు. ఆమె కొంగు నడుముకు బిగించి, సంచిలోంచి చీపురు తీసింది.

నాంచారి ఆకుదొప్పలో నీళ్ళతో తిరిగి వచ్చేసరికి మైదానం నడుమ కళ్ళమంత మేర శుభ్రంగా, నున్నగా ఉంది. పక్కన ఆకులు కుప్పగా ఉన్నాయి. ఊడ్చిన చోట మన్ను చూస్తుండగానే తెల్లబడి, బీటలు తీసి, రాయిగా మారుతోంది. నడుమ ఒక స్త్రీ మోకాళ్ళు చుట్టుకుని ముడుచుకుని కూర్చుని ఉంది. ఆమె ఒంటి రంగు మన్ను రంగు. ఆమె చీర సగం ఆకులు, మిగతా సగం లేదు. ఆదెమ్మ చేతిలో చీపురు అలాగే నిలిచిపోయింది.

"నా చీర లాగేసింది," అంది ఆ స్త్రీ. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

నాంచారి పరుగున వెళ్ళి కుప్పలోని ఆకులు చేతులతో ఎత్తి ఆమె చుట్టూ పరిచింది. ఆదెమ్మ కూడా పరిచింది. బీటలు ఆగాయి కాని, ఊడ్చిన చోటు మాత్రం మెత్తబడలేదు.

"మా నాయన చేతులు రాయి అయిపోయాయి నేలమ్మా," అంది నాంచారి. "నువ్వెందుకు శపించావు?"

"నేను శపించలేదు. సిగ్గుపడ్డాను. మీ రాజ్యంలో తెల్లవారితే చాలు, ఇంటింటా నా ఒంటి మీది గుడ్డ లాగి కాల్చేస్తున్నారు. ఆ పైన ఇనుముతో గీరుతున్నారు. ఒంటి మీద బట్ట లేనిది నోరెలా తెరుస్తుంది?"

"బట్ట కప్పితే తెరుస్తావా?"

"కప్పు. తవ్వకు. ఆకు కప్పు, గడ్డి కప్పు, నువ్వు తిని పారేసే తొక్కలు కప్పు. కింద పని చేసేవాళ్ళు వాళ్ళే వస్తారు. గింజ కప్పులో దూర్చి నీ పని చూసుకో. అంతకంటే నాకేం అక్కరలేదు." నేలమ్మ ఊడ్చిన చోటు వైపు చూసింది. "కాని ఇది నా గుండె దగ్గరి చోటు. ఇది ఇలాగే ఉంటే ఎక్కడ కప్పినా నేను తెరవలేను. పైనుంచి రాలే ఆకే దీన్ని మళ్ళీ నేయాలి. ఎవరు ఊడ్చారో ఆ మనిషి ఇక్కడ కూర్చుని, ఆకు రాలుతుంటే చూస్తూ, ముట్టకుండా ఉండాలి. ఊడ్చిన చెయ్యే ఊరుకోవాలి."

"అంటే ఏ పనీ చెయ్యకుండా?" అంది ఆదెమ్మ.

"ఏ పనీ చెయ్యకుండా."

"వంటైనా?"

"చుట్టూ ఉన్నాయి. కోసుకు తిను."

"ఎన్నాళ్ళు?"

"ఆకు రాలడం ఆగేదాకా. నువ్వు కదలకుండా కూర్చున్నంత కాలం నేను తెరిచే ఉంటాను."

ఆదెమ్మ తలెత్తి చెట్ల వైపు చూసింది. ఒక ఆకు తిరుగుతూ తిరుగుతూ వచ్చి ఆమె భుజం మీద పడింది. దులుపుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేనుంటాను మామ్మా," అంది నాంచారి. "ఆ చీపురు నేనే పట్టానని చెబుతాను."

"నేల ముందు అబద్ధమాడతావా? తప్పు. అదీగాక వెనక్కి పరుగు నడక కావాలి. మబ్బులు పట్టేస్తున్నాయి. నా మోకాళ్ళతో నేను వెళితే నీ నాయన గుండెదాకా రాయి పడుతుంది." ఆమె సంచి ముందుకు లాక్కుని మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది. అటుకులు, గింజల ముడి, పైన ఇప్పపూలు కొన్ని. ఏదో మరిచిపోయానన్న అనుమానంతో అన్నీ మళ్ళీ బయటికి తీసింది. నాంచారి ఆపలేదు. చివరికి ఆదెమ్మ చీపురు తీసి సంచిలో గుచ్చింది.

"ఇది నీతో తీసుకుపో. నా దగ్గరుంటే నా చెయ్యి ఊరుకోదు."

"ఆకలేస్తే తిను మామ్మా. నువ్వూ చెప్పవు."

"చెబుతాలే. ఈవిడకు చెబుతా. నువ్వెళ్ళు. వెనక్కి చూడకు, కాలు తడబడుతుంది."

నాంచారి వెనక్కి చూసింది. ఆదెమ్మ ఊడ్చిన చోటు నడుమ, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె తల మీద అప్పటికే రెండు ఆకులు పడ్డాయి. ఆమె వాటిని తీయలేదు.

కొండ కింది దారిలో నాంచారి పరుగెత్తింది. వానపాము ఆమె చెప్పింది విని, తన వాళ్ళకు కబురు పంపుతానంది. కావిడిభూతం పాదు పక్కన వెల్లకిలా పడుకుని దోసకాయ కొరుకుతోంది. "ముసలమ్మ ఏది?" అని అడిగింది. నాంచారి చెప్పింది. భూతం ఇంకేమీ అడగకుండా ఆమెను భుజాన వేసుకుని ఊరి పొలిమేరదాకా తెచ్చి దింపింది. అప్పటికి మృగశిర ప్రవేశించింది. పడమట ఆకాశం నల్లగా ఉంది.

పోలయ్యకు రాయి భుజాలదాకా ఎక్కింది. అతను తల్లి కోసం నాంచారి వెనక చూశాడు. నాంచారి విషయం చెప్పి, అతన్ని ఏడవనివ్వకుండా పెరట్లోకి తీసుకుపోయింది. కూతురు వస్తుందని సన్యాసమ్మ పెరడంతా నున్నగా ఊడ్చి ఉంచింది. నాంచారి వీధుల్లోకి వెళ్ళి, తగలబెట్టడానికి పోసిన కుప్పల్లోంచి ఆకులు గంపలతో తెచ్చి పెరట్లో గుమ్మరించడం మొదలుపెట్టింది.

"పెళ్ళి కావలసిన పిల్లవి," అంది సన్యాసమ్మ. "ఇంట్లో చెత్త పోశావంటే ఊరేమనుకుంటుంది?"

"చీపురు అరిగిపోయిందేమో, అరువిమ్మంటావా సన్యాసమ్మా?" అంది పక్కింటి గోడ మీద నుంచి ఒకావిడ.

"ఇంట్లోనే ఉంది వదినా, కొత్తదే," అంది సన్యాసమ్మ తెల్లబోయిన మొహంతో. కాసేపు నిలబడి చూసింది. తరువాత తానూ ఒక గంప ఎత్తుకుంది.

మోకాలి లోతు ఆకు పడ్డాక, దాని మీద పాత గడ్డి, కూర తొక్కలు, అంట్లు కడిగిన నీళ్ళు. నాంచారి గుమ్మడి గింజలు అందులో దూర్చింది. తండ్రిని కూర్చోబెట్టి, అతని రాతి చేతులు రెండూ ఆకుల కింద పెట్టించింది. తూర్పుగాలి ఆగిపోయింది. దూరంగా ఉరుము ఉరిమింది.

"అడుగున ఏమైనా తెలుస్తోందా నాయనా?"

"ఏం తెలుస్తుందే? రాయికి ఏం తెలుస్తుంది?"

పక్కింటి గోడ మీద ఇప్పుడు చాలా తలలున్నాయి.  వాన వాసన వచ్చింది.

"ఉండు," అన్నాడు పోలయ్య. "ఏదో పాకుతోంది. వేళ్ళ సందున. చక్కిలిగిలి పెడుతోంది." అతను నవ్వాడు. నవ్వుతూ చెయ్యి బయటికి లాగాడు. మన్ను అంటుకున్న మామూలు చెయ్యి అది. వేలికి ఒక చిన్న వానపాము చుట్టుకుని ఉంది. అప్పుడు మొదటి చినుకు పడింది. పెరట్లో అది నేలలోకి ఇంకింది.

గోడ మీది తలలన్నీ మాయమయ్యాయి. కాసేపటికి వీధి కుప్పల దగ్గర గంపల కోసం కొట్లాట మొదలైంది. తడిసినా సరే, రాయిపట్టిన చేతులన్నీ ఆ సాయంత్రానికి ఆకుల్లోకి చేరాయి. వేళ్ళు ఒకటొకటిగా కదిలాయి.

ఆ ఏడాది నాగలిపురంలో చిత్రమైన పంట పండింది. పారేసిన చోట గుమ్మడి మొలిచింది. విరిచి గుచ్చిన ములగకొమ్మ చెట్టయింది. తోటకూర కోసుకున్నకొద్దీ తన గింజ తానే చల్లుకుంది. పాదుల మధ్య మట్టికూజాలు మెడదాకా కూర్చుని వాటి పని అవి చేశాయి. జనం మధ్యాహ్నాలు అరుగుల మీద కూర్చుని, ఏం చెయ్యాలో తోచక కబుర్లు చెప్పుకున్నారు. వాకిలి మాత్రం ఊడ్చి ముగ్గు పెట్టుకోవచ్చని, పెరటి జోలికి వెళ్ళవద్దని రాజు శాసనం చేశాడు. జెండా మీద నాగలి తీయించి వానపామును పక్కనుంచి గీయించాడు. పొరుగు రాజ్యాలవాళ్ళు దాన్ని నది అనుకున్నారు.

హలధ్వజుడికి సంతానం లేదు. ముసలితనం వచ్చాక అతను నాంచారిని పిలిపించి కిరీటం ఆమె తల మీద పెట్టాడు. ఆమె చాలాకాలం, ప్రజలు ఆకలి మాట మరిచిపోయేటట్టు పాలించింది. ఆమె గదిలో ఒక పొట్టి ఈనెల చీపురు గోడకు వేలాడుతూ ఉండేది. దాన్ని ఎవరూ వాడలేదు. ఏటా ఆకు రాలే కాలంలో ఆమె అడవికి వెళ్ళి కొండ దాకా నడిచేది. కొండ కింద దారి మూసుకుపోయి, దాని మీద బచ్చలి తీగ పాకి ఉండేది.

ఆదెమ్మ ఇల్లు వదిలింది కృత్తిక కార్తెలో. ఆ ఏడు తిరిగి రాలేదు. నాంచారి రాణి అయిన ఏడూ రాలేదు. ఆ తరువాతా రాలేదు. ఆ మైదానంలో ఏదో ఒక చెట్టు ఆకు రాలుస్తూనే ఉంది.